మందును విఱుచు సూక్ష్మజీవులు



నేను నేడు మీకు విన్నవింపదలచినది మిక్కిలి చిన్న వస్తువును గూర్చి. అది కంటికి గానరాదు. మన పాఠశాలలయందలి సూక్ష్మదర్శినికిని గానరాదు. ఐనను అది బాలింతరాలి జ్వరమును తగ్గనీయదు. చక్కగా నెఱవేఱిన శస్త్రచికిత్సను వమ్ముచేయును. పుట్టి పది దినములైన గాని శిశువు ప్రాణమును హరింపగలదు. దాని పేరు ఎంజైము. మనము రోగముపై ఎక్కుపెట్టిన బాణమును, అది గురిని చేరకమునుపే, నడుమ విఱిచివేయు ఎంజైములు కొన్ని సూక్ష్మజీవులకు గలవు. ఇది వైద్యులు చూచుకొనవలసిన సంగతియని మన మూరకుండుటకు వీలులేదు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు మొదలుగాగల ఈ నీటిసీమలో నివసించు మనకందఱకును ఇందులో పాలు గలదు. నేను ఈ సీమవాడను. రసాయనశాస్త్రమును బోధించుట నా వృత్తి. కావున ఆ శాస్త్రము చెప్పుమాటలను మన వాడుకమాటలలో చెప్పుటకు యత్నించెదను.

మొదట ఎంజైమనగా నేమో తెలిసికొందము. అన్నపు ముద్దను మ్రింగక కొంతసేపు నమలుచుండిన తియ్యబడును. లాలాజలమందలి ఒక ఎంజైము గంజిని చక్కెరగా విడగొట్టుటయే ఇందుకు కారణము. ముదురుమాంసము త్వరగా ఉడుకవలెనని మన యిండ్లలో పచ్చిబొప్పాయి ముక్కను వేయుదురు. బొప్పాయిపాలలో మాంసకృత్తులను త్రుంచు ఎంజైము గలదు. ఈ రెండింటియందును గమనింపవలసిన గుణ మొకటి యున్నది. కత్తెర గుడ్డను కత్తిరించి తాను తఱిగిపోనట్లు, ఎంజైము తన పని చేసి తాను వ్యయమైపోదు. ఒక అణువును త్రుంచి, మఱుక్షణమున వేఱొకదానిపై బడును. కావున చిటికెడు ఎంజైము పుట్టెడు పదార్థమును మార్చగలదు. ఈ గుణమే సకలజీవులకును ప్రాణాధారము. ఈ గుణమే సూక్ష్మజీవిని చేరినప్పుడు మన యౌషధమునకు మృత్యువగుచున్నది.

పెనిసిలిన్ చరిత్రను చూడుడు. 1928లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు ఒక బూజునందు దానిని కనిపెట్టెను. తరువాత ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ అను శాస్త్రజ్ఞులును, వారి సహచరులును దానిని శుద్ధిపఱచి మందుగా రూపొందించిరి. సూక్ష్మజీవి తన చుట్టును గట్టిగోడ కట్టుకొని బ్రతుకును. తాను పెరుగుకొలదిని ఆ గోడను పెంచుకొనుచుండును. గోడయందలి పోగులను ఒకదానితో నొకటి ముడివేయు పనివాడును ఒక ఎంజైమే. పెనిసిలిన్ ఆ పనివాని చేతికి అంటుకొని పని మాన్పించును. గోడ బలహీనమగును, లోపలి ఒత్తిడికి సూక్ష్మజీవి పగిలి చచ్చును. మన శరీరకణములకు అట్టి గోడ లేదు గనుక వానికి ఈ దెబ్బ తగులదు. పెనిసిలిన్‌కు ఈ శక్తి నిచ్చునది, నాలుగు పరమాణువులు చేరి యేర్పడిన బిగువైన ఒక చిన్న వలయము. ఆ వలయము తెగెనా, మందు వట్టి నీరే.

1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డు ఆసుపత్రిలో మరణావస్థలోనున్న ఒక పోలీసు ఉద్యోగికి పెనిసిలిన్ ఎక్కించి చూచిరి. అతడు కోలుకొనుచుండగానే ఉన్నమందు అయిపోయెను, అతడు దక్కలేదు. ఆ కథ పలువు రెఱుగుదురు. అంతకు ముందే, 1940 డిసెంబరులో, అబ్రహాము, చెయిన్ అను నిరువురు మఱియొక వార్తను ప్రకటించిరి. పెనిసిలిన్‌ను నాశనముచేయు ఎంజైమును వారు ఒక సూక్ష్మజీవినుండి తీసి చూపిరి. అనగా మందు రోగులకు ధారాళముగా అందకమునుపే మందునకు విఱుగుడు ప్రకృతిలో సిద్ధముగా నుండెనన్నమాట. కెనడా దేశపు ఉత్తరభాగమున 30,000 ఏండ్లుగా గడ్డకట్టియున్న మట్టిలోను ఇట్టి ఎంజైముల జన్యువులు గలవని 2011లో తెలియవచ్చెను. ఇందు వింత లేదు. మట్టిలో బూజులును సూక్ష్మజీవులును తిండికొఱకు యుగయుగములుగా పోరాడుచున్నవి. ఒకటి విషము కక్కగా మఱియొకటి దానిని విఱుచు నేర్పు సంపాదించుకొన్నది.

కాబట్టి మందు సూక్ష్మజీవికి క్రొత్తవిద్య నేర్పుట లేదు. విద్య లేనివానిని చంపి, విద్యగలవానికి చేను అప్పగించుచున్నది. వరిచేలో పైరును పీకివైచి ఊదను మిగిల్చిన ఏమగునో మన రైతులకు చెప్పనక్కఱలేదు. అవసరములేనిచోట మందు వేసిన ప్రతిసారియు మన కడుపులో జరుగు వ్యవసాయ మిదియే. లండనులోని ఒక ఆసుపత్రిలో గాయములను చీముపట్టించు సూక్ష్మజీవులలో సగమునకు మించి 1948 నాటికే పెనిసిలిన్‌కు లొంగకపోయెను.

మందును చెఱచు ఎంజైము లన్నియు ఒకే రీతిని పనిచేయవు. కొన్ని, పైన చెప్పినట్లు, మందును త్రుంచును. వానికి బీటా లాక్టమేజులని పేరు. కొన్ని త్రుంపక, మందునకు ఒక అణుఖండమును తగిలించి విడుచును. తాళపుచెవి పలుకునకు లక్క అంటించిన అది తాళమున దూరనట్లు, ఆ మందు తన చోటును చేరియు అచ్చట ఇముడలేదు. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ మొదలగు మందుల నిట్లు చెఱచు ఎంజైములు గలవు. క్లోరాంఫెనికాల్ అను మందుకథ ఇట్టిదే. మూడువారములు మనుష్యుని మంచమున బడవైచు టైఫాయిడు జ్వరమునకు అది మందని 1948లో ఋజువైనప్పుడు లోకము సంతోషించెను. 1972లో మెక్సికో దేశమునను, మన దేశమున కేరళలోని కోళికోడునను, ఆ మందునకు లొంగని టైఫాయిడు వ్యాపించెను. మందునకు లక్క అంటించు ఎంజైము టైఫాయిడు క్రిమికి చిక్కెను.

ఎట్లు చిక్కెను? ఇది యీ కథలో కీలకము. ఎంజైమును తయారుచేయు విధానము వ్రాసిన జన్యువు పెక్కుమాఱులు ప్లాస్మిడ్ అను చిన్న గుండ్రని పోగుపై నుండును. వంటవిధానము వ్రాసిన చీటీని ఒక యిల్లాలు పొరుగింటికి పంపినట్లు, ఒక సూక్ష్మజీవి దానికి నకలు తీసి మఱియొకదాని కందించును. పుచ్చుకొనునది తన జాతిది కానక్కఱలేదు. మన ప్రేగులలో అపకారము చేయక కాలము గడపు సూక్ష్మజీవి, రేపు అదే దారిన వచ్చిన టైఫాయిడు క్రిమికి ఈ చీటీ నీయగలదు. ఒక్కొక్క చీటీపై నాలుగైదు మందుల విఱుగుడులు వ్రాసియుండుటయు గలదు. 2016లో పాకిస్తానులోని సింధు రాష్ట్రమున హైదరాబాదు అను పట్టణములో నింతయు జరిగెను. బలమైన సెఫ్‌ట్రియాక్సోన్ సూదిమందును సైతము త్రుంచు ఎంజైము టైఫాయిడు క్రిమిని చేరెను. నోటిమందులలో నమ్మదగినది అజిత్రోమైసిన్ ఒక్కటియే మిగిలెను. ఆ హైదరాబాదున 2018లో పిల్లలకు వేసిన టైఫాయిడు టీకా మన హైదరాబాదున భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసినది. టీకా వేసినచోట జ్వరము అరుదగును. జ్వరము లేనిచోట మందుతో పని లేదు. మందు లేనిచోట ఎంజైమునకు విలువ లేదు.

ఈ కథలో మన జిల్లాకును ప్రత్యేకస్థానము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు వెళ్లి, 1940 నుండి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఆ కాలముననే అచ్చట బెంజమిన్ డగ్గరు అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టియందలి ఒక సూక్ష్మజీవినుండి బంగారువన్నెగల ఆరియోమైసిన్‌ను కనిపెట్టెను. టెట్రాసైక్లిన్ కుటుంబమున కదియే తొలిచూలు. 1948లో అది లోకమునకు వెల్లడియైన కొలదిదినములకే, ఆగస్టు మాసమున, సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. 1950లో అదే ప్రయోగశాలకు చెందిన జ్యూక్స్, స్టోక్‌స్టాడు అనువారు మఱియొక విశేషమును ప్రకటించిరి. ఆరియోమైసిన్ తీసిన పిప్పిని మేతలో కలిపిన కోడిపిల్లలు త్వరగా నెదిగెను. నాటినుండి రోగములేని కోళ్లకును, పశువులకును, తరువాత చేపలకును, మందు మేతయందు చేరెను. ఏండ్లతరబడి కొంచెముకొంచెముగా మందు వేయుటకన్న ఊదను పెంచు పద్ధతి వేఱొకటి యుండదు. టెట్రాసైక్లిన్‌కు ఆమ్లజనిని జోడించి చెఱచు ఎంజైము ఒకటి గలదు. దాని జన్యువు ప్లాస్మిడ్లపై నెక్కి చీనాదేశపు పెంపుడుజంతువులలోను, మనుష్యులలోను తిరుగుచున్నదని 2019లో తెలిసెను. అది టైజిసైక్లిన్‌ను సైతము విడువదు. టైజిసైక్లిన్ టెట్రాసైక్లిన్‌కు మనుమరాలివంటిది. ఇతర మందులు ఓడినప్పుడు వైద్యుడు కడపట చేపట్టునది. భీమవరపు మనిషి లోకమునకు అందించుటలో పాలుగొన్న నిధిని మేతబస్తాలలో కరగించితిమని చరిత్ర మనలను అడుగకుండునా?

ఇక చికిత్సపై దీని ప్రభావము. మొన్న ఏలూరులో నేనొక మందులదుకాణమున నిలిచియుండగా, లంకగ్రామమునుండి వచ్చిన ఒక తల్లి, "నాయనా, పిల్లవాడికి జలుబు, జ్వరము. క్రిందటిమాఱు ఇచ్చిన బిళ్లలే రెండీయవయ్యా" అనెను. "రెండెందుకమ్మా? డాక్టరుగారికి చూపించితివా?" అని దుకాణదారుడు అడిగెను. "చూపించవలెనన్న పడవ, బస్సు, కూలి పోవును గదా బాబూ" అని యామె జవాబు. ఆమె మాటలో అబద్ధము లేదు. ఆమెను నిందించుటకు నాకు నోరాడదు. కాని జలుబును కలిగించు వైరసునకు కట్టుగోడ లేదు. ఆ బిళ్ల దానినేమియు చేయజాలదు. అది చేయగలిగినది ఒక్కటే: పిల్లవాని కడుపులో ఎంజైముగల క్రిములకు చోటు కల్పించుట. ఆర్నెల్లకు వానికి నిజముగా రక్తములో విషక్రిమి చేరి ప్రాణముమీదికి వచ్చినప్పుడు, ఆసుపత్రిలో వేయు మొదటిమందు పనిచేయకపోవచ్చును. అట్టి రోగమున మొదటి కొన్ని గంటలే ప్రాణమునకు విలువైనవి. సరియైన మందు రెండవనాడు దొరకినను, కాలము తిరిగిరాదు.

వైద్యశాస్త్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మన కొల్లేటి బెస్తవారికి తెలిసిన ఉపాయమునే అది పన్నెను. చేపకు ఎఱ చూపుదురు గదా! మందువలె కనబడు క్లావులానిక్ ఆమ్లమను ఎఱను మందుతో జతచేసిరి. ఎంజైము మొదట ఆ ఎఱను కఱచి, గాలమునకు చిక్కిన చేపవలె దానిని విడువజాలక పడియుండును. ఆ సందున అసలుమందు తన పని చేసికొనును. అమాక్సిసిల్లిన్‌తో ఈ జత 1981లో ఇంగ్లండున వాడుకకు వచ్చెను. నేడు మన ఊళ్లలోని మందులదుకాణములన్నిటను దొరకును. కాని ఎఱకు చిక్కని చేపలును గలవు. 2008లో, ఢిల్లీలో చికిత్సపొంది స్వీడనుకు వెళ్లిన ఒక రోగియందు అట్టి ఎంజైము బయటపడెను. ఆ నగరము పేరనే దానికి న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజు అని పేరిడిరి. అది యశదలోహపు సాయముతో మందును త్రుంచును గనుక క్లావులానిక్ ఎఱ దానికి పనికిరాదు. కడపటిమందులలోనివగు కార్బాపెనెములను సైతము అది త్రుంచును. అప్పుడు వైద్యునికి మిగులునవి మిక్కిలి కొలది. వానిలో నొకటియగు కొలిస్టిన్ మూత్రపిండములకు హాని చేయునని యెఱిగియు, ప్రాణము దక్కిన చాలునని వేయవలసివచ్చును. మందులకు లొంగని సూక్ష్మజీవులే కారణముగా 2019లో లోకమున 12 లక్షల 70 వేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇంతకును మన నీటిసీమ ప్రసక్తి ఏలయనగా, ఈ చీటీలు నీటివెంట ప్రయాణము చేయును. 2011లో ఢిల్లీ నగరమున పరీక్షింపగా, వీధులలో నిలిచిన నీటి నమూనాలు 171లో 51టియందును, కొళాయినీటి నమూనాలు 50లో రెంటియందును ఆ న్యూఢిల్లీ ఎంజైము జన్యువు కనబడెను. మన తెలుగునాట, హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరువులో, మందుల కార్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని 2007లో ప్రకటితమయ్యెను. ఆ మందు వాడు రోగి రక్తములోనైనను అంత యుండదు. మందులు చేయుటలో పేరుగన్న మనకు, వానిని నీటిలో కలుపకుండు బాధ్యతయు గలదని దీనివలన తెలియుచున్నది.

కొల్లేటి సంగతి చూతము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏఱులు తమ నీటిని కొల్లేటికి దెచ్చును. కృష్ణా గోదావరీ కాలువల మురుగునీరును అందు చేరును. నీరు వెలుపలికి పోవుటకు ఉప్పుటేరు దారి. అనగా పట్టణపు మురుగు, ఆసుపత్రి నీరు, కోళ్లఫారముల ఎరువు, పొలముల నీరు, చేపలచెఱువులు ఖాళీచేసినప్పటి నీరు, అన్నియు కలిసికొను పళ్లెము కొల్లేరు. పలుజాతుల సూక్ష్మజీవులు చీటీలు మార్చుకొనుట కింతకన్న అనువైన సంత యుండదు. అందు మందు కొంచెమైనను కలిసెనా, చీటీ గలవానికే బ్రతుకు. ఇంకొక చిత్రము గలదు. ఎంజైముగల సూక్ష్మజీవి తన చుట్టునున్న మందును విఱిచివేయును గనుక, దాని నీడలో ఎంజైములేని పొరుగువారును బ్రతికిపోవుదురు. ఒక్కని కత్తెర ఊరికంతకును రక్షయగును.

చేపలరైతు కష్టము నే నెఱుగుదును. బొచ్చె, శీలావతి, వెనామీ రొయ్య, ఏదైనను, ఒక్క రాత్రిలో తేలిపోయిన ఏడాది అప్పు మెడకు చుట్టుకొనును. ఆ భయమున ఎవరో చెప్పిన మందును మేతలో కలుపుట సహజము. కాని చచ్చు చేపలకు కారణము తఱచుగా నీటిలో ప్రాణవాయువు తగ్గుటయో, పిల్లను మిక్కిలి ఒత్తుగా వదలుటయో, అడుగున మేత క్రుళ్లుటయో, వైరసో అయియుండును. ఇట్టివానికి ఆంటిబయాటిక్కు మందు కాదు. చేపల రొయ్యల పెంపకమున క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరానులు నిషిద్ధములు. పశుపక్ష్యాదులకును చేపలకును కొలిస్టిన్ వాడరాదని 2019లో భారతప్రభుత్వము శాసించెను. మందుశేషము కనబడిన రొయ్యలసరుకును విదేశములవారు త్రిప్పిపంపిన సందర్భములు గలవు. నీటిని పరీక్షింపించుట, పిల్లను మితముగా వదలుట, పంటకును పంటకును నడుమ చెఱువు నెండగట్టి సున్నము చల్లుట, ఇవి మందుకన్న చౌక. అవి ఎంజైములను పెంచవు.

ఇక ఇంటివారమైన మనము చేయవలసినది పెద్దపని కాదు. జలుబునకును, సామాన్యమైన నీళ్లవిరేచనములకును ఆంటిబయాటిక్కు అడుగవలదు. మందుపట్టీపై ఎఱ్ఱగీత యున్నచో అది వైద్యుని చీటీ లేక కొనరానిదని గుర్తు. 2016 నుండి ప్రభుత్వము దీనిని ప్రచారము చేసినది. వైద్యుడు వ్రాసిన మందును ఆయన చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదున వాడవలెను. మనంతట మనము తగ్గింపరాదు, పొడిగింపరాదు; మిగిలినదానిని దాచి పొరుగువారి కీయరాదు. జ్వరము తగ్గనిచో రక్తమును గాని, మూత్రమును గాని పెంపకపరీక్షకు పంపి ఏ మందునకు క్రిమి లొంగునో చూచెదరా యని వైద్యుని అడుగుట తప్పు కాదు. నీటిని కాచి త్రాగుట, మరుగుదొడ్డిని వాడుట, సబ్బుతో చేతులు కడుగుట, పిల్లలకు టీకాలు వేయించుట, ఇవన్నియు మందును కాపాడు పనులే. లంకలనుండి ఏలూరికి వచ్చుటకు ఒకనాటి కూలి పోగొట్టుకొను తల్లికి, తన ఊరిలోనే వైద్యుడును, పరీక్షయు అందునట్లు చూచుట ప్రభుత్వధర్మము. అది జరుగనిదే ఆమెకు హితవుచెప్పుట మన నోటికి తేలిక, ఆమె కాళ్లకు బరువు.

ఇందు ఆశకును చోటు గలదు. క్లోరాంఫెనికాల్ వాడుక మన దేశమున చాల యేండ్లు తగ్గియుండుటచే, నేడు టైఫాయిడు క్రిములలో అధికభాగము దానికి మరల లొంగుచున్నవి. మందు లేనప్పుడు చీటీని మోయుట సూక్ష్మజీవికి వట్టి బరువు గనుక, మోయనివే క్రమముగా మిగిలినవి. కొన్ని చీటీలు మొండివి, త్వరగా పోవు. ఐనను మనము చేయి నిలిపినచో ప్రకృతి కొంతవఱకు మనకు సాయపడునని దీనివలన తెలియుచున్నది.

మందులలో ఆంటిబయాటిక్కు వింతయైనది. తలనొప్పిబిళ్లను నేను వృథాగా మ్రింగిన నష్టము నాది. ఆంటిబయాటిక్కును నేను వృథాచేసిన, ఆ నష్టము నేనెఱుగని యొక పసికందుది కావచ్చును. ఊరుమ్మడి చెఱువువలె అది అందఱి సొత్తు. దానిని కాపాడుకొనుటయు అందఱి పనియే.